ఒక ఊరికి ఐదు చిరునామాలు: ఫైలుదారులను పోల్చు నమూనాలు

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న సీమకు నడిగడ్డ అని పేరు. ఆ నడిగడ్డలో, సికింద్రాబాదు నుండి కర్నూలు పోవు రైలుమార్గము మీద మానవపాడు అను ఊరున్నది. ఊరు ఉన్నచోటనే ఉన్నది. దాని చిరునామా మాత్రము అరువది ఏండ్లలో నాలుగు మారులు మారినది.

1956 వరకు అది హైదరాబాదు రాష్ట్రమున, రాయచూరు జిల్లాలో, ఆలంపూరు తాలూకాకు చెందిన ఊరు. ఆ సంవత్సరము నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు ఆలంపూరు, గద్వాల తాలూకాలు రాయచూరు నుండి విడిపోయి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగరు జిల్లాలో చేరినవి. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి; మానవపాడు మండల కేంద్రమైనది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినది. 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల జిల్లా పుట్టినది.

ఈ ఊరి వానలెక్కలు, ఏటి నీటిమట్టములు, పంటల పట్టికలు అన్నియు ఒక కంప్యూటరులో దాచినారనుకొనుడు. దాచినవారు ఏ యేటి పట్టికను ఆ యేటి చిరునామా క్రిందనే పెట్టినారు. అప్పుడు ఆ కంప్యూటరులో మానవపాడునకు ఐదు దారులు ఏర్పడును:

హైదరాబాదు/రాయచూరు/ఆలంపూరు/మానవపాడు
ఆంధ్రప్రదేశ్/మహబూబ్‌నగర్/ఆలంపూరు/మానవపాడు
ఆంధ్రప్రదేశ్/మహబూబ్‌నగర్/మానవపాడు
తెలంగాణ/మహబూబ్‌నగర్/మానవపాడు
తెలంగాణ/జోగులాంబ-గద్వాల/మానవపాడు

ఇట్టి వరుసను ఫైలుదారి అందురు. ఒక్కొక్క వాలుగీత ఒక గడపవంటిది. దానిని దాటిన కొలది లోపలి డైరెక్టరీలోనికి పోవుదుము. ఇప్పుడొక విద్యార్థి మానవపాడు వానలెక్కలన్నియు ఒకచోట చేర్చవలెనని సి భాషలో చిన్న ప్రోగ్రాము వ్రాసెననుకొనుడు. ఐదు దారులను ఐదు మారులు చేతితో వ్రాయుట విసుగు. పైగా ఆరవది ఎక్కడనో ఉన్నచో అది తప్పిపోవును. అతడు ‘*/*/మానవపాడు’ అని వ్రాసి, అట్లున్న డైరెక్టరీలన్నిటిని తెమ్మని కంప్యూటరును అడిగినాడు. మూడు వచ్చినవి. తప్పు జరిగినదని ఏ హెచ్చరికయు రాలేదు. 1985కు ముందు ఆ ఊరి లెక్కలే లేవని అతడు నిశ్చయించుకొన్నాడు. వాన ఏ దశాబ్దములో తగ్గినది, ఏ దశాబ్దములో హెచ్చినది అను ప్రశ్నకు అతడు చెప్పు జవాబులో సగముకంటె ఎక్కువ కాలము మాయమైనది. 2009 అక్టోబరులో కర్నూలును, ఆలంపూరు ప్రాంతమును ముంచెత్తిన వరదను పాత వరదలతో పోల్చబోయినను అతనికి ఇదే గతి.

ఎందుకు మూడే వచ్చినవి? దీనికి జవాబు కావలెనన్నచో ఆ నక్షత్రపు గుర్తు సంగతి కొంత తెలియవలెను.

పేకాటలో రమ్మీ ఎరిగినవారికి జోకరు తెలియును. ఏ ముక్క చాలకున్నదో దాని బదులు జోకరు నిలుచును. ఇంగ్లీషులో దీనినే వైల్డ్‌కార్డు అందురు. ఫైలుపేర్లలో నక్షత్రము, ప్రశ్నార్థకము ఇట్టి జోకర్లు. ప్రశ్నార్థకము ఒకే ఒక గుర్తునకు బదులుగా నిలుచును. నక్షత్రము ఎన్ని గుర్తులకైనను నిలుచును; ఏమియు లేకున్నను నిలుచును. చదరపు బ్రాకెట్లలో కొన్ని గుర్తులను వ్రాసినచో వానిలో ఏదో ఒకటి అని అర్థము. ‘2009-1[0-2].పట్టిక’ అను నమూనాకు ఆ యేటి అక్టోబరు, నవంబరు, డిసెంబరు పట్టికలు సరిపడును. బ్రాకెటు తెరవగానే ఆశ్చర్యార్థకము వ్రాసినచో ‘ఇవి తప్ప మరేదైన’ అని అర్థము మారును. భాష ఇంతే. రమ్మీ నియమములకంటె ఇవి తక్కువ.

ఈ పద్ధతి యూనిక్సుతో పాటు పుట్టినదనవచ్చును. అమెరికాలో బెల్ లేబొరేటరీలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు నిర్మించిన ఆ వ్యవస్థకు 1971లో వెలువడిన మొదటి కరదీపికలోనే ‘గ్లాబ్’ అను ప్రోగ్రాము ఉన్నది. ‘గ్లోబల్’ అను మాటకు అది కుదింపు. ఆ నాటి యంత్రములలో జ్ఞాపకస్థలము బహు స్వల్పము. కావున ఆజ్ఞలను చదువు షెల్లు ఈ పనిని తాను చేయక, నక్షత్రము కనబడినపుడెల్ల గ్లాబును పిలిచెడిది. 1979లో వచ్చిన ఏడవ కూర్పులో స్టీఫెన్ బోర్న్ వ్రాసిన షెల్లు ఆ పనిని తనలోనే కలుపుకొన్నది. 1992 నాటి పాజిక్స్ ప్రమాణములో సి భాషవారికి రెండు ఫంక్షనులు స్థిరపడినవి. ఒకటి ఎఫ్‌ఎన్‌మాచ్, రెండవది గ్లాబ్.

ఈ రెంటి పనులు వేరు. ఎఫ్‌ఎన్‌మాచ్‌నకు ఒక నమూనాను, ఒక పేరును ఇచ్చినచో అవి సరిపడునో లేదో చెప్పును. డిస్కు వంక అది చూడనే చూడదు. సరిపడినచో సున్న, లేనిచో సున్న కాని సంఖ్య జవాబుగా వచ్చును. సి భాషలో సున్న యన్నచో ‘కాదు’ అని అర్థము గనుక, క్రొత్తగా నేర్చినవారు జవాబును తలక్రిందులుగా చదువుట కద్దు. గ్లాబ్ అట్లు కాదు; అది డిస్కులోనికి పోయి వెదకును. నమూనాను వాలుగీతల వద్ద ముక్కలు చేయును. జోకరు లేని ముక్కయైనచో తిన్నగా ఆ డైరెక్టరీలోనికి పోవును. జోకరున్న ముక్కయైనచో ఆ డైరెక్టరీని తెరచి, అందులోని పేర్లను ఒక్కొక్కటిగా చదివి, ఎఫ్‌ఎన్‌మాచ్ చేయునట్టి పోలికను ఒక్కొక్క దానికి చేసి, సరిపడిన వాని లోనికి తరువాతి ముక్కతో దిగును. తుదకు దొరికిన దారులనన్నిటిని అకారాదిగా పేర్చి ఇచ్చును.

విద్యార్థికి మూడే ఎందుకు దొరికినవో ఇందులోనే ఉన్నది. ముక్కలు ముందే విడిపోయినవి గనుక ఏ నక్షత్రమును వాలుగీతను దాటజాలదు. ‘*/*/మానవపాడు’ అన్నచో సరిగా రెండు మెట్లు దిగి మూడవ మెట్టున మానవపాడును చూడుమని అర్థము. తాలూకాల కాలమున మానవపాడు నాల్గవ మెట్టున ఉన్నది. ఆ మెట్టునకు ఎవరును పోలేదు. ఎఫ్‌ఎన్‌మాచ్ వద్ద మాత్రము ఈ కట్టుబాటు మన ఇష్టము: ‘ఎఫ్‌ఎన్‌ఎమ్_పాత్‌నేమ్’ అను సూచన ఇచ్చినప్పుడే అది వాలుగీతను గౌరవించును, ఇయ్యనిచో వాలుగీత కూడ దానికి ఒక మామూలు గుర్తే. ఒకే నమూనా ఒక ఫంక్షనులో ఐదింటిని, మరియొక దానిలో మూడింటిని పట్టుటకు ఇదియే కారణము.

చుక్కకు సంబంధించిన నియమము మరియొకటి ఉన్నది. చుక్కతో ప్రారంభమగు పేర్లను నక్షత్రము ముట్టదు. చుక్కను విడిగా వ్రాయవలసినదే. యూనిక్సులో ఒంటి చుక్క ఆ డైరెక్టరీకే పేరు, జంట చుక్క దాని పై డైరెక్టరీకి పేరు. నక్షత్రము వానిని కూడ పట్టినచో లోపలికి దిగవలసిన ప్రోగ్రాము పైకి ఎక్కి తిరుగుచుండును.

ఇక తెలుగు సంగతి. సి భాషను గూర్చిన పుస్తకములు సామాన్యముగా ఇంగ్లీషు పేర్లతోనే ఉదాహరణలిచ్చి ఊరకుండును. తెలుగు పేరు వచ్చినపుడు ప్రశ్నార్థకము ఏమి లెక్కించునో అవి చెప్పవు. మానవపాడు అను మాటలో కంటికి ఐదు అక్షరములు: మా, న, వ, పా, డు. కంప్యూటరునకు ఎనిమిది గుర్తులు. మకారము ఒకటి, దాని దీర్ఘము ఒకటి, నకారము, వకారము, పకారము, దాని దీర్ఘము, డకారము, దాని కొమ్ము. యూనికోడులో ఒక్కొక్క దానికి వేర్వేరు సంఖ్య ఉన్నది. కావున ఐదు ప్రశ్నార్థకములు వ్రాసినచో ఈ పేరు సరిపడదు, ఎనిమిది వ్రాయవలెను.

ఈ ఊరి పేరును ఇంగ్లీషులో వ్రాయు తీరును బట్టి కొందరు తెలుగులో మానోపాడు అని కూడ వ్రాయుదురు. పట్టికలు దాచినవారిలో ఒకరు అట్లు, ఒకరు ఇట్లు వ్రాసిన రెండును పట్టుకొను నమూనా ఎట్లుండవలెను? కంటికి మానోపాడు నాలుగక్షరముల మాట, మానవపాడు ఐదక్షరముల మాట. కాని గుర్తులుగా లెక్కించినచో మానోపాడు కూడ ఎనిమిదే. వకారమున్నచోట ఓత్వపు గుర్తు వచ్చినది, మిగిలిన ఏడును అవే. కనుక ‘మాన?పాడు’ అను నమూనాకు రెండును సరిపడును. ఇంకను బిగించి వ్రాయదలచినచో ‘మాన[వో]పాడు’ అనవచ్చును. ఇది చూచుటకు వింతగా ఉన్నది. బ్రాకెట్లలో ‘వో’ అను ఒక అక్షరమున్నట్లు కంటికి తోచును. కంప్యూటరునకు అక్కడ వకారము, ఓత్వము అని రెండు సభ్యులున్నవి, వానిలో ఏదో ఒకటి కావలెనని అర్థము. తెరమీద రెండు గుర్తులు కలిసి ఒక అక్షరముగా అచ్చుపడినంత మాత్రమున లోపల కలిసిపోవు.

అయితే ఇది జరుగుటకు ఒక నిబంధన ఉన్నది. ఫైలుపేర్లు డిస్కుమీద బైట్లుగా ఉండును. యుటిఎఫ్-8 అను లిపిసంకేతములో ఒక్కొక్క తెలుగు గుర్తునకు మూడు బైట్లు పట్టును. వకారమునకు 224, 176, 181. ఓత్వమునకు 224, 177, 139. మానవపాడు అను మాటకు ఇరువది నాలుగు బైట్లు. (లైనక్సులో సాధారణముగా ఫైలుపేరు 255 బైట్లు మించరాదు, కావున తెలుగు పేరు 85 గుర్తులతో ఆగవలసినదే.) సి ప్రోగ్రాము ప్రారంభమైనపుడు ‘సి’ అను పేరుగల లొకేలులో ఉండును. లైనక్సులో వాడుకలోనున్న గ్నూ లైబ్రరీ ఆ స్థితిలో ఒక్కొక్క బైటునే ఒక గుర్తుగా ఎంచును. అప్పుడు ‘మాన?పాడు’ అను నమూనా ఏ పేరునకును సరిపడదు. ప్రశ్నార్థకము ఒక బైటును మ్రింగును, మిగిలిన రెండు బైట్లు అడ్డుపడును. ‘సెట్‌లొకేల్’ అను ఫంక్షనును ప్రోగ్రాము మొదటనే పిలిచి, వాడుకరి తన యంత్రమునకు నిర్ణయించుకొన్న లొకేలును స్వీకరింపవలెను. ఈ ఒక్క పంక్తి మరచుటచేత ఇంగ్లీషు పేర్లతో చక్కగా నడచిన ప్రోగ్రాము తెలుగు పేర్లవద్ద మూగపోవును.

నక్షత్రమునకు మాత్రము ఈ బాధ లేదు. బైట్లుగా లెక్కించినను, గుర్తులుగా లెక్కించినను ‘మాన*పాడు’ రెండు పేర్లను పట్టును. వాలుగీతకు కూడ భయము లేదు. దాని సంఖ్య 47. తెలుగు గుర్తుల బైట్లన్నియు 128 లేక అంతకు మించినవే గనుక ఒక తెలుగు అక్షరపు నడుమ వాలుగీత దొంగచాటుగా దూరజాలదు. ఇది యాదృచ్ఛికము కాదు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్‌లు యుటిఎఫ్-8ను రూపొందించినపుడు యూనిక్సు ఫైలుదారులు చెడకుండుట వారి ముఖ్యోద్దేశములలో ఒకటి.

మహబూబ్‌నగర్ అను పేరులో మరియొక చిక్కు దాగియున్నది. బకారపు పొల్లుకు, నకారమునకు నడుమ అవి ఒత్తుగా కలిసిపోకుండ టైపు చేయువారు ఒక కనబడని గుర్తును పెట్టుదురు. పెట్టనిచో నకారము ఒత్తుగా దిగి ‘మహబూబ్నగర్’ అని వచ్చును. ఒకరు పెట్టి, ఒకరు పెట్టక రెండు డైరెక్టరీలు చేసినచో, ‘మహబూబ్*నగర్’ అను నమూనాయే శరణ్యము. నక్షత్రము ఏమియు లేకున్నను నిలుచునను నియమమునకు ఇక్కడ మంచి ప్రయోజనము కలిగినది.

ఈ పోలికను కంప్యూటరు ఎట్లు చేయును? ప్రశ్నార్థకము, బ్రాకెట్లు సులభము. నమూనాలో ఒక అడుగు, పేరులో ఒక అడుగు వేయుచు పోవుటే. నక్షత్రము వద్ద అది ఎంత మ్రింగవలెనో ముందుగా తెలియదు. ‘*పాలెం’ అను నమూనాను ‘పాతపాలెం’ అను పేరుతో పోల్చుడు. నక్షత్రము ఏమియు మ్రింగలేదనుకొన్నచో పకారము కుదిరినది, దీర్ఘము కుదిరినది, తరువాత లకారము కావలసినచోట తకారమున్నది. కుదరలేదు. వెనుకకు వచ్చి, నక్షత్రము ఒక గుర్తును మ్రింగినదనుకొన్నచో పకారము కావలసినచోట దీర్ఘమున్నది. రెండు మ్రింగినదన్నచో అక్కడ తకారమున్నది. మూడు మ్రింగినదన్నచో పకారము, దీర్ఘము, లకారము, ఎత్వము, సున్న అన్నియు కుదిరి, నమూనా పేరు రెండును ఒక్కమారే ముగిసినవి.

ఒక నక్షత్రమున్నపుడు ఇది చాలును. రెండు, మూడు, పది ఉన్నచో? తొందరపాటుతో వ్రాసిన ప్రోగ్రాము ప్రతి నక్షత్రము వద్దను తన్ను తానే పిలుచుకొని అన్ని అవకాశములను పరీక్షించును. ‘అ*అ*అ*అ*అ*ఇ’ అను నమూనాను, వంద అకారములు తప్ప మరేమియు లేని పేరుతో పోల్చుడు. చివర ఇకారము లేదు గనుక కుదరదని చూచినంతనే మనిషి చెప్పగలడు. ప్రోగ్రాము మాత్రము మొదటి అకారమును వదలి తక్కిన నాలుగింటిని మిగిలిన 99 చోట్ల ఎన్ని విధముల అమర్చవచ్చునో అన్నియు చూచును. అవి 37,64,376 విధములు. మరి రెండు నక్షత్రములు చేర్చినచో ఆ సంఖ్య నూరు కోట్లను దాటును. ఎవరో ఒక చెడు నమూనాను పంపి ఇతరుల కంప్యూటరును స్తంభింపజేయుటకు ఇది చాలును. 2017లో రస్ కాక్స్ అను శాస్త్రజ్ఞుడు పరీక్షించి చూడగా, వాడుకలో ఉన్న కొన్ని ప్రోగ్రాములు అప్పటికిని ఈ విధముగానే నడచుచున్నట్లు తేలినది.

దీనికి మందు చిన్నది. వెనుకకు పోవలసి వచ్చినపుడు చివరి నక్షత్రము వద్దకే పోవలెను. దానికి ముందున్న వానిని మరల తాకరాదు. ఇది ఎట్లు న్యాయము? మొదటి నక్షత్రము తరువాతి ముక్క, పేరులో కుదురుటకు వీలగు చోట్లలో అన్నిటికంటె ముందున్న చోటనే కుదిరినది. దానిని ఇంకను వెనుకకు జరిపినచో రెండవ నక్షత్రమునకు మిగులు భాగము తగ్గును గాని పెరుగదు. జరుపుటవలన దొరకగలిగినదేదో, రెండవ నక్షత్రము తానే కొంత ఎక్కువ మ్రింగి పొందగలదు. కావున పాత నక్షత్రములను జ్ఞాపకముంచుకొనవలసిన అగత్యము లేదు. రెండు సంఖ్యలు గుర్తుంచుకొన్నచో చాలును: చివరి నక్షత్రము నమూనాలో ఎక్కడ ఉన్నది, అది పేరులో ఎంతవరకు మ్రింగినది. అప్పుడు అడుగుల సంఖ్య నమూనా పొడవును పేరు పొడవుతో గుణించినంతకు ఇంచుమించుగా మించదు. పై ఉదాహరణలో 11ను 100తో గుణించినచో 1,100. ముప్పదియేడు లక్షలెక్కడ, వేయిన్నూరెక్కడ!

గణితము చదివినవారికి ఇక్కడ ఒక సందేహము రావచ్చును. స్టీఫెన్ క్లీని అను తర్కశాస్త్రవేత్త 1956లో ప్రకటించిన వ్యాసములో కూడ నక్షత్రమున్నది. అది వేరు. అందులో నక్షత్రము తనకు ముందున్న గుర్తు ఎన్ని మారులైన రావచ్చునని చెప్పును. తానుగా దేనికి బదులు నిలువదు. నేటి వచనాన్వేషణ నమూనాలు ఆ మార్గమును అనుసరించినవి. రెంటిని కలగాపులగము చేయుట తరగతి గదులలో నిత్యము జరుగుచున్నది.

నమూనా తక్కువ పట్టుట ఒక ప్రమాదమైనచో ఎక్కువ పట్టుట మరియొకటి. ‘*.పాత’ అని వ్రాసి ఆ ఫైళ్లను తొలగింపుమని ఆజ్ఞ ఇయ్యవలసినచోట, నక్షత్రము తరువాత ఒక ఖాళీ పడినచో షెల్లు దానిని రెండు నమూనాలుగా చదువును. మొదటిదైన ఒంటి నక్షత్రము డైరెక్టరీలోని ఫైళ్లనన్నిటిని పట్టును. తొలగింపు ప్రోగ్రామునకు నక్షత్రము కనబడనే కనబడదు. షెల్లు దానిని పేర్ల జాబితాగా మార్చి అందించినది గనుక అది అన్నిటిని తుడిచివేయును. యూనిక్సులో తుడిచినది తిరిగి రాదు. తొలగించుటకు ముందు అదే నమూనాతో పేర్లను చూపుమని అడిగి చూచుకొనుట అనుభవజ్ఞుల అలవాటు.

మన విద్యార్థి నమూనాను ఇప్పుడు సవరింపవచ్చును. గ్లాబును మొదట ‘*/*/మాన[వో]పాడు’ అని పిలిచి, రెండవ మారు ‘*/*/*/మాన[వో]పాడు’ అని పిలువవలెను. రెండవ పిలుపులో ‘గ్లాబ్_అపెండ్’ అను సూచన చేర్చినచో క్రొత్తగా దొరికినవి పాత జాబితా చివర చేరును. పని ముగిసిన పిమ్మట ‘గ్లాబ్‌ఫ్రీ’ని పిలిచి జాబితాకు పట్టిన జ్ఞాపకస్థలమును తిరిగి ఇయ్యవలెను. ఐదు దారులును వచ్చును. అయితే గ్లాబ్ ఏ పిలుపు ఫలితములను ఆ పిలుపువరకే అకారాదిగా పేర్చును. రెండింటిని కలిపి పేర్చదు, కాలక్రమమును అసలే ఎరుగదు. కావున అన్నిటికంటె పాతదైన రాయచూరు నాటి దారి జాబితాలో కట్టకడపట కనబడును.